రెండో పిట్ట

వార్షికోత్సవ సంచికకి మా బ్యాచ్ తరఫున ఏదైనా రాయమని సంపాదకవర్గం తమ్ముళ్లు ఫోన్ చేశారు. "జ్ఞాపకాలు వద్దన్నా, అవి ఇప్పటికే చాలా వచ్చాయి. ఏదైనా అభిప్రాయం రాయండి" అన్నారు. అభిప్రాయమంటే మాకు ఒకటుంది. ఎన్నాళ్ల నుంచో ఉంది. అది ఉడుత మీద.

నవ్వకండి. చిన్నప్పుడు ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఈ గేటు లోపలికి వచ్చి, పదో తరగతి పరీక్షలయ్యాక అదే పెట్టె మోసుకుంటూ బయటికి వెళ్లినవాళ్లు ఎవరైనా సరే, ఎన్ని వార్షికోత్సవాలు చూశారో లెక్కపెట్టుకోండి. అన్నిసార్లూ ఉడుత కథ విని ఉంటారు. ముఖ్య అతిథి గారు వస్తారు. శాలువా కప్పుతాం. మైకు రెండుసార్లు కుయ్యిమంటుంది. "బాబూ, మేం చిన్నవాళ్లం, మావల్ల ఏమవుతుంది అనుకోకండి. రాములవారు వారధి కట్టేటప్పుడు ఉడుత ఏం చేసింది?" అని అడుగుతారు. మనమంతా ఒకే గొంతుతో "ఇసక పోసింది సార్!" అంటాం. చప్పట్లు. ఆ తర్వాత ఆయన "నేను కూడా ఉడుతాభక్తిగా ఈ హాస్టల్‌కి యాభై స్టీలు కంచాలు ఇస్తున్నాను" అంటారు. మళ్లీ చప్పట్లు. ఆ కంచాల్లో మేము తిన్నాం. అంచు మీద చెక్కిన పేరు చదువుకుంటూ తిన్నాం. మాకు కృతజ్ఞత లేదని ఎవరూ అనుకోవద్దు. కానీ ఒక సందేహం అప్పుడూ ఉండేది, ఇప్పుడూ ఉంది. కారులో వచ్చినాయన తనని తాను ఉడుత అనుకుంటే అది వినయం. మమ్మల్ని ఉడుతలు అనుకోమంటే దాన్నేమంటారు?

ఉడుత కథ అచ్చంగా మన తెలుగువాళ్లకి ఇష్టమైన కథ. వాల్మీకి రామాయణంలో అది లేదు. 13వ శతాబ్దంలో గోన బుద్ధారెడ్డి ద్విపదలో రాసిన రంగనాథ రామాయణంలో ఉంది. నీళ్లలో మునగడం, ఇసకలో పొర్లడం, ఒంటికి అంటిన ఇసకని వారధి మీద దులపడం, రాముడు వీపు నిమిరితే చారలు పడడం. అందమైన కథే. దాన్ని తప్పు పట్టడానికి మేమెవరం?

అయితే ఆ కథలో ధైర్యం ఎక్కడుంది? ఉడుతకి ఎదురు ఎవరూ లేరు. సముద్రం అప్పటికే దారికొచ్చింది. రాముడు అటే, సుగ్రీవుడు అటే, కోతులన్నీ అటే. గెలిచే పక్షంలో నిలబడి గుప్పెడు ఇసక వెయ్యడం సేవ అవుతుంది, భక్తి అవుతుంది. ధైర్యమని మాత్రం అనలేం. దాన్ని చూసి ఇంకెవరైనా కదిలారా అంటే అదీ లేదు. చివరికి దక్కింది వీపు మీద ఒక నిమురు. తమ్ముళ్లూ, వీపు నిమిరించుకోవడంలో మన హాస్టల్ పిల్లలకి బోలెడంత అనుభవం ఉంది. ఫోటోలు కూడా ఉన్నాయి.

మేము చెప్పదలచుకున్నది వేరే పిట్టకథ. పంచతంత్రంలో మిత్రభేదంలో వస్తుంది. టిట్టిభం అనే పక్షి కథ. పక్షుల సంగతి తెలిసినవాళ్లు టిట్టిభమంటే మన తీతువు పిట్టే అంటారు. డెల్టాలో దాన్ని చూడనివాళ్లు ఉండరు. కోతలయ్యాక ఖాళీ చేలల్లో పొడుగుకాళ్లతో తిరుగుతుంటుంది. చెట్టెక్కదు, గూడు అల్లదు. నేల మీదే, మట్టిబెడ్డల మధ్య మట్టిరంగు గుడ్లు పెడుతుంది. రాత్రిపూట అది కూస్తే మన అమ్మమ్మలు "అపశకునం, ఎవరింటికో చేటు" అని తలుపులేసుకుంటారు. పాపం, అది అరిచేది దాని గుడ్ల దగ్గరికి ఎవరో వచ్చారని. గేదె వచ్చినా, కుక్క వచ్చినా, మనిషి వచ్చినా నెత్తి మీదకి దూసుకొచ్చి గోల గోల చేస్తుంది. తన పిల్లల కోసం గట్టిగా అరిచేవాళ్లని ఊరు అపశకునం అనడం మనకి కొత్త కాదు గదా!

కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాం. సముద్రం ఒడ్డున తీతువుల జంట కాపురం ఉంటుంది. ఆడపిట్ట "ఇక్కడ గుడ్లు పెడితే సముద్రం ఊరుకుంటుందా, వేరే చోటికి పోదాం" అంటుంది. మగపిట్ట "దానికంత ధైర్యమా!" అని మీసం తిప్పుతుంది. సముద్రం ఈ మాట వింటుంది. వీడి సంగతేంటో చూద్దామని గుడ్లన్నీ లాక్కుపోతుంది. మగపిట్టకి రోషం వచ్చి, ముక్కుతో నీళ్లు తోడి సముద్రాన్ని ఎండగడతానంటుంది. అప్పుడు మళ్లీ ఆడపిట్టే బుద్ధి చెబుతుంది. "ఒక్కడివే ఏం తోడతావు, నలుగురినీ పిలు" అంటుంది. పిచ్చుక, వడ్రంగిపిట్ట, ఈగ, కప్ప కలిసి ఏనుగుని పడగొట్టిన కథ కూడా చెబుతుంది. కొంగలు, హంసలు, నెమళ్లు, ఇంకా ఎన్నో వస్తాయి. అందరూ కలిసి "మనవల్ల కాదు, మన రాజు గరుత్మంతుడి దగ్గరికి పోదాం" అంటారు. గరుత్మంతుడికి విష్ణుమూర్తి నుంచి అప్పుడే పిలుపొస్తుంది. ఆయన "నా వాళ్ల గుడ్లు పోతే పట్టించుకోని చోట నేను పని చెయ్యను" అని అలిగి కూర్చుంటాడు. అంటే ఏమిటి? సమ్మె. విష్ణుమూర్తే దిగొచ్చి సముద్రం మీదకి బాణం ఎక్కుపెడతాడు. గుడ్లు తిరిగి వస్తాయి.

ఈ వరస వింటే హాస్టల్ పిల్లలకి వెంటనే ఒకటి స్ఫురించాలి. పిట్ట నుంచి పెద్ద పక్షులకి, పెద్ద పక్షుల నుంచి గరుత్మంతుడికి, గరుత్మంతుడి నుంచి విష్ణువుకి. మన వార్డెన్ గారు, వారిపైన సహాయ సాంఘిక సంక్షేమాధికారి, వారిపైన డీడీ గారు, వారిపైన కలెక్టరు గారు. ప్రతి మెట్టు మీదా "మా చేతిలో ఏముంది, పైకి రాస్తాం" అన్న మాటే. పంచతంత్రం రాసినాయన ఏ ఆఫీసు చుట్టూ తిరిగాడో గానీ బాగా తెలిసినవాడు!

అసలు విశేషం ఏమిటంటే, ఆ కథని పుస్తకంలో చెప్పింది పిట్టల కోసం కాదు. పంచతంత్రమంతా విష్ణుశర్మ రాజుగారి కొడుకులకి చెప్పిన పాఠం. టిట్టిభం కథలోని నీతి కూడా శత్రువు బలం తెలుసుకోకుండా కయ్యానికి దిగితే సముద్రానికి పట్టిన గతే పడుతుందని. చిన్నవాడిని కొట్టేముందు వాడి వెనకాల ఎంతమంది ఉన్నారో చూసుకోమని పెద్దవాడికి ఇచ్చిన సలహా అది. సముద్రం వైపు నుంచి చెప్పిన కథ. మనం దాన్ని పిట్ట వైపు నుంచి చదువుకోవాలి. అప్పుడు కనపడేది ఒకటే. పిట్ట బలం ముక్కులో లేదు, రోషంలోనూ లేదు. దాని వెనక చేరిన పక్షుల్లో ఉంది. ఆ పక్షుల్లో ముందుగా వచ్చిందేది? కొంగా? పిచ్చుకా? పుస్తకంలో లేదు. మొదటి పిట్ట పేరు కథకే పెట్టారు. రెండో పిట్టని ఎవరూ పట్టించుకోలేదు.

మా అభిప్రాయం ఆ రెండో పిట్ట గురించే. మొదటి పిట్టకి గుడ్లు పోయాయి, కాబట్టి అరిచింది. అరవక ఏం చేస్తుంది? రెండో పిట్టకి ఏమీ పోలేదు. దాని గుడ్లు దాని గూట్లో భద్రంగా ఉన్నాయి. అయినా వచ్చింది. అది రాకపోతే మొదటి పిట్టది ధైర్యం కాదు, పిచ్చి.

ఇది కట్టుకథల్లోనే జరుగుతుందని అనుకోవద్దు. మన రాజమండ్రిలో జరిగింది. చిన్నయసూరి 1853లో అచ్చువేసిన నీతిచంద్రికలో మిత్రలాభం, మిత్రభేదం మాత్రమే ఉన్నాయి. మిగిలిన విగ్రహం, సంధి తెలుగులో రాసినవారిలో కందుకూరి వీరేశలింగం గారు ఒకరు. ఈ జంతువుల కథలన్నీ ఆయనకి కొట్టినపిండి. 1881 డిసెంబరు 11న ఆయన రాజమండ్రిలో తన ఇంట్లో గోగులపాటి శ్రీరాములు గారికీ, వితంతువైన చిన్నపిల్ల గౌరమ్మకీ పెళ్లి చేశారు. ఊరు వెలేస్తామంది. వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు మోసుకొచ్చి తానే వంట చేశారు. ఆయన దగ్గర చదువుకున్న విద్యార్థులు అండగా నిలబడ్డారు.

విగ్రహాలన్నీ పంతులుగారివే. ఆయనంటే మాకూ గౌరవమే. కానీ ఆ రోజు గోదావరి రేవులో బిందె ముంచుతున్న రాజ్యలక్ష్మమ్మ గారిని ఒక్కసారి తలుచుకోండి. చుట్టూ ఊరి ఆడవాళ్లు. రోజూ పలకరించేవాళ్లు ఆ రోజు మొహం తిప్పుకుని ఉంటారు. ఉపన్యాసం ఇవ్వడం కన్నా ఆ బిందె మొయ్యడం కష్టం. ఇంకో సంగతి. ఆ మొదటి పెళ్లి అయిన కొద్దిరోజులకే రెండో పెళ్లి జరిగింది. మొదటిదాన్ని "ఆ పంతులికి పిచ్చి" అని కొట్టిపారెయ్యొచ్చు. రెండోది జరిగాక అలా అనడం కుదరదు. అందుకే మా దృష్టిలో ఆ రెండో జంట చాలా గొప్పవాళ్లు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. అది మన గుడిసెల్లోని బాధ కాదు. కూలీనాలీ చేసుకునే చాలా కులాల్లో మారుమనువు ముందునుంచీ ఉన్నదే. మన నాయనమ్మలకి దాన్ని ఎవరూ వచ్చి ఇప్పించనక్కర్లేకపోయింది. వాళ్లకి లేనిది బడి. కాబట్టి ఆ పెళ్లి మన పోరాటమని మేము చెప్పడం లేదు. పని జరిగిన తీరు చూడమంటున్నాం.

మన పోరాటానికి వస్తే కోనసీమలో మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారున్నారు. స్వాతంత్ర్యం రాకముందే ఆయన 'పాలేరు' అని నాటకం రాశారు. కామందు ఇంట్లో గొడ్లు కాసే కుర్రాడు చదువుకుని అధికారి అవుతాడు. కథ అంతే. ఇప్పుడు వింటే ఇందులో ఏముంది అనిపిస్తుంది. ఆ రోజుల్లో అది ఊళ్లలో ఆడుతుంటే, పెట్రోమాక్స్ లైటు వెలుగులో వెనకాల నేల మీద కూర్చుని చూసిన అసలు పాలేర్లు ఉన్నారు. నాటకం చూసొచ్చి పిల్లవాడిని పాలేరుతనం మాన్పించి బడికి పంపినవాళ్లున్నారని పెద్దలు ఇప్పటికీ చెబుతారు. భీమన్న గారికి తర్వాత పద్మభూషణ్ వచ్చింది. ఆ తండ్రులకి ఏం వచ్చింది? మర్నాడు పొద్దున్నే కామందు గుమ్మంలో నిలబడి "కుర్రోడు ఇంక పనికి రాడండి, ఆయ్" అని చెప్పుకోవాల్సి వచ్చింది. బాకీ ఉన్నవాడు ఆ మాట అనాలంటే ఎంత గుండె ఉండాలి! మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. మా వెనక అటువంటి మనిషి ఎవరో ఒకరు ఉండే ఉంటారని మాకు గట్టి నమ్మకం. పేరు ఇంట్లోవాళ్లకి కూడా తెలియదు.

మా చిన్నప్పటిది ఒకటి చెబుతాం. ఏ బడో చెప్పం, అవసరం లేదు. మేము పదో తరగతిలో ఉండగా ఒకమ్మాయి పరీక్ష ఫీజు 125 రూపాయలు పోయాయి. లెక్కల మాస్టారు వచ్చి "హాస్టలోళ్లు లేవండి" అన్నారు. తొమ్మిదిమందిమి లేచాం. ఆయన చెడ్డవారేమీ కాదు, లెక్కలు చక్కగా చెప్పేవారు. ఏదైనా పోతే హాస్టల్ పిల్లల సంచులు వెతకడం అక్కడ అలవాటు, అంతే. మాలో ఒకడు, ఎప్పుడూ పెద్దగా మాట్లాడనివాడు, "అందరివీ చూడండి సార్" అన్నాడు. గొంతు వణికింది. క్లాసంతా నిశ్శబ్దం. మాస్టారి మొహం ఎర్రబడింది. ఇంకొక్క క్షణం ఆగితే వాడి చెంప పగిలేది.

అప్పుడు ముందు బెంచీలో ఒక అబ్బాయి లేచాడు. ఊళ్లో ఉండే రైతుబిడ్డ. మాతో అంత స్నేహం కూడా లేదు. తన సంచి తెచ్చి బల్ల మీద బోర్లించాడు. "ముందు నాది చూడండి సార్" అన్నాడు. కంపాస్ బాక్సు, క్యారేజీ, రెండు జామకాయలు, ఉప్పుకారం పొట్లం. పొట్లం విప్పుకుని రిజిస్టరు మీద పడింది. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వులో ఇంకొకడు సంచి తెచ్చాడు, ఇంకొకమ్మాయి తెచ్చింది. ఐదు నిమిషాల్లో బల్ల మీద సంచుల గుట్ట. మాస్టారు ఏమీ అనకుండా రిజిస్టరు దులుపుకుని వెళ్లిపోయారు.

ఆ డబ్బులు దొరకలేదు. ఎవరు తీశారో, ఎక్కడ పడిపోయాయో నేటికీ తెలియదు. మాస్టారు మాకు సారీ చెప్పలేదు. కానీ మేము బడి వదిలేదాకా "హాస్టలోళ్లు లేవండి" అన్న మాట మళ్లీ ఆ గదిలో వినపడలేదు. ఆ రైతుబిడ్డకి ఇంట్లో "నీకెందుకురా ఆళ్ల గొడవ" అని నాలుగు అక్షింతలు పడ్డాయట. ముందు మాట్లాడిన మావాడు ఇంటర్‌తో చదువు ఆపేసి ఇప్పుడు కరెంటు పని చేసుకుంటున్నాడు. పెళ్లిళ్లకి సీరియల్ లైట్లు కడతాడు. వాడి మాట ఒక్కటే ఉండి ఆ రెండో సంచి రాకపోతే ఏమయ్యేదో మేము చాలాసార్లు అనుకున్నాం. వాడికి దెబ్బలు పడేవి, మా సంచులు వెతికేవారు, వాడిని "నీకెందుకురా ఎదురు మాట్లాడడం" అని మన హాస్టల్లోనే నలుగురు తిట్టేవారు.

కెన్యా దేశంలో వంగారి మాతాయ్ అని ఒకావిడ ఉండేవారు. 1977లో ఆడవాళ్లచేత మొక్కలు నాటించే ఉద్యమం మొదలుపెట్టారు, 2004లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు, 2011లో చనిపోయారు. ఆవిడ సభల్లో ఒక పిట్టకథ చెప్పేవారు. అడవి తగలబడుతుంటే హమ్మింగ్ బర్డ్ అనే బుల్లిపిట్ట ముక్కుతో ఒక్కొక్క చుక్క తెచ్చి పోస్తుంటుంది. మిగతా జంతువులన్నీ చూస్తూ నిలబడి "ఇంత మంటకి నీ చుక్క ఏమూలకి" అంటాయి. నేను చెయ్యగలిగింది నేను చేస్తున్నాను అంటుంది పిట్ట. (ఆ పిట్ట ఉండేది అమెరికా ఖండాల్లో, ఆఫ్రికాలో ఉండదు. కథలకి పాస్‌పోర్టు అక్కర్లేదు.) అందరూ ఆ పిట్టని మెచ్చుకుంటారు. మా కళ్లు మాత్రం అక్కడ నిలబడ్డ ఏనుగు మీదకి పోతాయి. అంత పొడుగు తొండం పెట్టుకుని, బిందెల కొద్దీ నీళ్లు పట్టే తొండం పెట్టుకుని, నిలబడి చూసింది.

ఇప్పుడు పూర్వ విద్యార్థులైన అన్నయ్యలకి ఒక మాట. కోపగించుకోవద్దు. మనలో ఎంతమందిమి ఉద్యోగం వచ్చాక బయోడేటాలో ఈ హాస్టల్ పేరు రాశాం? "ఎక్కడ చదివావు" అంటే "ఊళ్లో, చుట్టాలింట్లో ఉండి" అనేవాళ్లు ఉన్నారు. వాళ్లని నిందించం. పట్నంలో ఇల్లు అద్దెకి అడిగితే ముందు ఏం అడుగుతారో మనకి తెలుసు. హాస్టల్ పేరు చెబితే ఆ ప్రశ్నకి జవాబు కూడా చెప్పినట్టే. భయం ఉంటుంది. కానీ వార్షికోత్సవానికి వచ్చి, మైకు పట్టుకుని, "తమ్ముళ్లూ, ధైర్యంగా ఉండండి, ప్రశ్నించడం నేర్చుకోండి" అని చెప్పి సాయంత్రం బస్సెక్కడం మాకు సుతరామూ ఇష్టం లేదు. తొమ్మిదో తరగతి పిల్లవాడికి ధైర్యం బోధించడం చాలా తేలిక. వాడు రేపు పొద్దున్న ఇదే కప్పు కింద నిద్ర లేవాలి, ఇదే వంటగది ముందు కంచం పట్టుకుని నిలబడాలి, టీసీ మీద ఇక్కడే సంతకం పెట్టించుకోవాలి. వాడికి పోయేది ఉంది. డిగ్రీలు తీసుకుని బయటికి వెళ్లిన మనకి పోయేదేముంది? తొండాలు మనకి ఉన్నాయి. రెండో పిట్ట మనమే కావాలి.

దీనికి పెద్ద త్యాగాలు అక్కర్లేదు. గోడ మీద మెనూ బోర్డు ఉంది, దాని మీద ఏ రోజు ఏం పెట్టాలో రాసుంది. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి గారికి 14 ఏళ్లు. వాలంటీరుగా ప్రదర్శన గేటు దగ్గర నిలబడి, టికెట్ లేదని నెహ్రూ గారినే ఆపేశారు. టికెట్ కొన్నాకే లోపలికి పంపారు. ఆ పిల్ల గొంతు చించుకోలేదు, తిట్టలేదు. రూలు ఏమిటో అది చెప్పింది. మెనూ బోర్డు కూడా అటువంటి రూలే. దాన్ని చూపించి అడిగేది పిల్లలైతే, పక్కన నిలబడేది మనం కావచ్చు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. జిల్లా ఆఫీసులో దరఖాస్తుకి 10 రూపాయలు, తెల్లకార్డు ఉన్నవాళ్లకి అదీ లేదు. పిల్లల పేరుతో కాకుండా మన పేరుతో వెయ్యొచ్చు. పిల్లలు రాసిన ఏ అర్జీ కిందైనా ఇద్దరు పూర్వ విద్యార్థుల సంతకం, ఫోన్ నంబరు ఉంటే ఆ కాగితాన్ని సొరుగులో పడెయ్యడం కష్టం. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. ఒక పూట సెలవు పెట్టి తోడు వెళ్లొచ్చు. అమ్మాయిల హాస్టల్‌లో చదివిన అక్కలు, చెల్లెళ్లు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి. కథలో "నలుగురినీ పిలు" అన్న తెలివి ఆడపిట్టదే.

కొందరు "ఇలా చేస్తే పిల్లలు క్రమశిక్షణ తప్పుతారు, వార్డెన్లకి విలువ ఉండదు" అంటారు. మేము అలా అనుకోవడం లేదు. మంచి వార్డెన్లని చూశాం. జ్వరం వస్తే సొంత బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లినవాళ్లని చూశాం. పైకి పది ఉత్తరాలు రాసి జవాబు రాక విసిగిపోయేది కూడా వాళ్లే. గరుత్మంతుడు అలిగింది తన ఉద్యోగం మీద కోపంతో కాదు, వెనక పక్షులన్నీ వచ్చి నిలబడ్డాయి గనక. వెనక ఎవరూ లేకపోతే వార్డెన్ గారు మాత్రం ఏం అలుగుతారు?

ఇక ప్రస్తుతానికి వస్తే, హాస్టల్ బోరు మోటారు దసరా సెలవుల తర్వాత కాలిపోయింది. వార్డెన్ గారు పైకి రాశామంటున్నారు. రాసే ఉంటారు. పిల్లలు స్నానాలకి కాలవకి వెళుతున్నారు. నీళ్లు వదిలినప్పుడు ఆ కాలవ ఎలా పారుతుందో డెల్టాలో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. మూడు, నాలుగు తరగతుల పిల్లల్లో ఈత రానివాళ్లే ఎక్కువ. పెద్దపిల్లలు వాళ్ల చెయ్యి పట్టుకుని మెట్ల మీద కూర్చోబెట్టి చెంబుతో పోస్తున్నారు. ఎన్నాళ్లు పోస్తారు?

దీని మీద తొమ్మిదో తరగతి తమ్ముడొకడు అర్జీ రాశాడు. దిద్దమని మాకు ఇచ్చాడు. రెండు మూడు అచ్చుతప్పులున్నాయి, వాటిని దిద్దలేదు, అర్థం బాగానే తెలుస్తోంది. సంతకం కింద వాడి తరగతి, రోల్ నంబరు కూడా వేశాడు. దాని కింద మా బ్యాచ్ వాళ్లం ఫోన్ నంబర్లతో సంతకాలు పెట్టాం. వార్షికోత్సవం నాడు ఆ కాగితం సభ దగ్గర, హాజరు పుస్తకం పక్కన ఉంటుంది. పెన్ను దారం కట్టి పెట్టాం. మర్నాటి సోమవారం పొద్దున్న 9 గంటలకి బస్టాండులో కలుసుకుని కలెక్టరేట్‌కి వెళుతున్నాం. కాగితంలో కింద ఇంకా చాలా ఖాళీ ఉంది.